త్రోవను సరాళము చేసినవారు

పఠింపవలసిన భాగములు: హెబ్రీ. 12:1–13, యెషయా 35 అధ్యా.; 2 సమూ. 9 అధ్యా.; యోహాను 9:1–7; 1 కొరింథీ. 12:14–26.

పాఠోద్దేశము: మేధోవైకల్యముగల క్రీడాకారుల జీవితములను జ్ఞాపకము చేసికొని, విశ్వాసపు పందెములో అట్టివారికి సంఘమియ్యవలసిన స్థానమెట్టిదో గ్రహించుట.

ఉపోద్ఘాతము

సూరత్ నగరములోని సలాబత్‌పురా మగ్గముల చప్పుడునకును బట్టల బేరమునకును పేరుపొందిన పేట. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతములనుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు వెళ్లిన నేతకుటుంబములు ఆ నగరమున తరతరములుగా నివసించుచున్నవి. వీధిలో గుజరాతీ, కార్ఖానాలో హిందీ, ఇంటిలో తెలుగు వారి వాడుక. మరమగ్గముపై పనిచేయు ప్రతివాడును ఎరిగిన సంగతి యొకటి కలదు. పేక నూలు తెగిన క్షణముననే మగ్గము నిలిచిపోవునట్లు యంత్రములో ఏర్పాటుండును. పడుగులో వేలకొలది పోగులు బిగువుగానున్నను, వాటిలో ఒక్కటి తెగినప్పుడు పనివాడు దానిని ముడివేయక నేయుచు పోయినచో, ఆ లోటు బట్ట పొడవునను ఒక గీతవలె కనబడును. కనుక మంచి పనివాడు మగ్గమును ఆపును, తెగిన పోగును వెదకును, ముడివేయును, అటుపిమ్మటనే మరల నేయ మొదలుపెట్టును. ఆలస్యమాయెనని అతని యజమానుడు విసుగుకొనవచ్చును గాని బట్ట చెడలేదు.

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు శరీరమును గూర్చి వ్రాసిన మాటలకు ఈ మగ్గము మంచి వ్యాఖ్యానము. ఆ నేతకుటుంబములు విడిచివచ్చిన వరంగల్ జిల్లాలోనే, తెగిన పోగుగా ఎంచబడిన ఒక బాలిక పెరిగి, తన వర్గములో ప్రపంచమందు ఎవరును అంతకుముందు పరుగెత్తనంత వేగముగా పరుగెత్తెను. ఆమె కథయు, సముద్రమునకు ఆవల జీవించి గతించిన మరియొక క్రీడాకారుని కథయు ఈ పాఠమునకు ఆధారములు.

1. కల్లెడ గ్రామపు బాలిక

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలమందలి కల్లెడ గ్రామములో 2003వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన జీవాంజి దీప్తి జన్మించెను. తలిదండ్రులు కూలిపని చేసికొని జీవించువారు. పుట్టినప్పుడు బిడ్డ తల చిన్నదిగా నుండెను, పెదవి చీలియుండెను. ఎదిగినకొలది గ్రహింపు తోడి పిల్లలకంటె నెమ్మదిగా వచ్చెను. ఊరివారిలో కొందరును బంధువులలో కొందరును ఆమెను పేరుపెట్టి పిలువక పిచ్చిదనియు కోతియనియు పిలిచిరి. అనాథాశ్రమములో విడిచిపెట్టుడని సలహా చెప్పినవారును లేకపోలేదు. కష్టకాలములో ఆ కుటుంబము తమ కొద్దిపాటి పొలమును అమ్ముకొనెను గాని కుమార్తెను విడిచిపెట్టలేదు.

ఆమె చదివిన బడిలో వ్యాయామోపాధ్యాయుడు ఆమె పరుగును గమనించెను. అందరును ఈ బిడ్డ ఏమి చేయలేదో చెప్పుకొనుచుండగా, ఏమి చేయగలదో చూచినవాడు ఆయన. పిమ్మట అథ్లెటిక్స్ శిక్షకుడు నాగపురి రమేశ్ రాష్ట్రస్థాయి పోటీలలో ఆమెను చూచి, హైదరాబాదునకు పంపుడని తలిదండ్రులను ఒప్పించి, శిక్షణ బాధ్యత తాను వహించెను. బాడ్మింటన్ శిక్షకుడు పుల్లెల గోపీచంద్ ప్రోత్సాహమిచ్చి, సికిందరాబాదులోని జాతీయ సంస్థలో ఆమెకు పరీక్షలు చేయించవలసినదిగా సూచించెను. ఆ పరీక్షల ఫలితముగానే ఆమె తనకు తగిన వర్గములో పోటీచేయుటకు అర్హత పొందెను.

అటుతరువాత జరిగినది దేశమంతటికిని తెలిసినదే. 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌జౌ నగరమందు జరిగిన ఆసియా పారా క్రీడలలో 400 మీటర్ల పరుగును 56.69 సెకనులలో ముగించి ఆమె స్వర్ణపతకము గెలిచెను. 2024 మే 20వ తేదీన జపానులోని కోబె నగరములో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో అదే దూరమును 55.07 సెకనులలో పరుగెత్తి, స్వర్ణముతోపాటు ప్రపంచ రికార్డును సాధించెను. అదే సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకనులలో పరుగు ముగించి కాంస్యము పొందెను. మేధోవైకల్యముగల భారతీయులలో పారాలింపిక్ పతకము గెలిచిన మొదటి వ్యక్తి ఆమెయే. 2025 జనవరిలో రాష్ట్రపతి చేతిమీదుగా అర్జున పురస్కారము స్వీకరించెను. ఆమె పొందిన బహుమాన ధనముతో ఆ కుటుంబము అమ్ముకొనిన పొలమును మరల కొనుక్కొనెను.

ఇంతవరకు విన్నవాడు సంతోషించును. సంతోషించుట తగినదే. అయితే ఇక్కడనే ఒక ప్రశ్న అడుగవలసియున్నది. కల్లెడలోనే మరియొక బిడ్డ అదే విధముగా పుట్టి, ఎన్నడును పరుగెత్తలేక, ఎట్టి పతకమును తేలేక, నలువది సంవత్సరములు ఇంటి అరుగుమీద కూర్చుండి గతించినయెడల, ఆ జీవితమును జ్ఞాపకము చేసికొనువారెవరు? ఎగతాళి చేసినవారు పతకమును చూచి నోరు మూసికొనిరనుటతో కథ ముగిసినయెడల, పతకములేని బిడ్డను ఎగతాళి చేయుట న్యాయమేనని ఒప్పుకొన్నట్లగును. ఈ పాఠము ఆ ప్రశ్నకు లేఖనములలో జవాబు వెదకును.

2. ‘ఎవరి పాపము?’

పెదవి చీలి పుట్టుటను తెలుగువారు గ్రహణపు మొఱ్ఱి యందురు. గర్భవతి గ్రహణమును చూచినందున ఇట్లు జరిగెనను నమ్మకము ఆ మాటలోనే దాగియున్నది. దీప్తి పుట్టుకను గూర్చియు గ్రహణపు మాట వినబడెను. వైద్యశాస్త్రము చెప్పునది వేరు. గర్భము ధరించిన మొదటి కొన్ని వారములలో శిశువు పైపెదవి భాగములు రెండు ప్రక్కలనుండి వచ్చి కలిసికొనును. అవి పూర్తిగా కలియనప్పుడు చీలిక నిలిచిపోవును. దీనికి వంశపారంపర్య కారణములును పోషకాహార లోపము మొదలగు ఇతర కారణములును ఉండవచ్చును. సూర్యచంద్రులకు దీనితో నిమిత్తము లేదు. చిన్న శస్త్రచికిత్సతో ఆ చీలికను సరిచేయవచ్చును.

అయినను నింద వేయుటకు మనుష్యునికి గ్రహణమే అవసరము లేదు. యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివానిని చూచిన శిష్యులు, వీని పాపమా, వీని తలిదండ్రుల పాపమా యని అడిగిరి. వారు ఎగతాళి చేయువారు కారు. ప్రభువు వెంట నడచిన భక్తులు. భక్తులే ఆ ప్రశ్న అడిగిరి. నేటికిని బిడ్డకు నామకరణము చేయుటకు వచ్చిన బంధువులు, ఆశీర్వదించుటకు వచ్చిన పెద్దలు, తల్లి చెవిని పడునట్లు అదే ప్రశ్న అడుగుచుందురు. ప్రార్థన తక్కువైనదనియు, విశ్వాసము చాలలేదనియు, పితరుల శాపమనియు చెప్పువారును ఉన్నారు. గ్రహణమను మాట మారి శాపమను మాట వచ్చినదే గాని, తల్లిమీద పడిన భారము మారలేదు.

ప్రభువు ఆ ప్రశ్నలోని రెండు భాగములను త్రోసివేసెను. కారణము వెదకు వారి చూపును, దేవుని క్రియలు ప్రత్యక్షము కావలసిన స్థలమువైపు త్రిప్పెను. అటుతరువాత ఆయన చేసినది గమనింపదగినది: నేలమీదికి వంగి, మట్టిని చేతిలోనికి తీసికొని పనిచేసెను. శిష్యులు ఆ మనుష్యుని గూర్చి చర్చించిరి; ప్రభువు ఆ మనుష్యునికి సమీపించెను. కల్లెడ బడిలోని వ్యాయామోపాధ్యాయుడు వేదాంతి కానక్కరలేదు గాని, ఆ బాలిక విషయములో ఆయన చేసినది ఈ రెండవ పద్ధతియే.

3. పందెపు నియమములు

హెబ్రీ పత్రికా రచయిత విశ్వాసజీవితమును పరుగుపందెముతో పోల్చెను. ఆయన వాడిన గ్రీకు మాట ‘అగోన్’. అది ఊరక పరుగు కాదు, పోరాటమువంటి పోటీ. ఆ పందెమునకు కావలసినదిగా ఆయన చెప్పిన గుణము ‘హుపొమొనే’, అనగా బరువుక్రింద నిలిచియుండు ఓపిక.

దీప్తి పోటీచేయు వర్గమునకు టీ20 అని పేరు. ప్రజ్ఞాలబ్ధి 75 గాని అంతకు తక్కువ గాని యుండుట, దినచర్యకు కావలసిన నేర్పులలో స్పష్టమైన కొరత యుండుట, ఆ స్థితి ఎదుగు వయస్సులోనే మొదలగుట ఆ వర్గములో చేరుటకు ముఖ్య నియమములు. చూచువారికి ఈ క్రీడాకారుల శరీరములలో ఎట్టి లోపమును కనబడదు. కనుక వారికేమి కష్టమని అడుగువారుందురు. 400 మీటర్ల పందెము కాళ్లతో మాత్రమే పరుగెత్తునది కాదు. మొదటి వంపులో ఎంత బలము వెచ్చింపవలెను, ఎదురు సూటిలో ఎంత దాచుకొనవలెను, చివరి వంద మీటర్లలో కాళ్లు బిగిసినప్పుడు ఏమి చేయవలెను అను లెక్క పరుగెత్తువాని మనస్సులో క్షణక్షణము జరుగుచుండవలెను. మేధోవైకల్యముగలవానికి ఆ లెక్కయే అన్నిటికంటె కష్టము. అందుచేత శిక్షకుడు ఒకే సంగతిని వందసారులు, వేయిసారులు, విసుగుకొనక చెప్పవలెను. చెప్పినది శరీరమునకు అలవాటగువరకు పరుగెత్తించవలెను. ఇట్టి పరుగులో ఓపిక ఇద్దరిది: పరుగెత్తువారిది, నేర్పువారిది.

ఈ వర్గము చరిత్రలో ఒక విచారకరమైన సంఘటన కలదు. 2000వ సంవత్సరము సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధోవైకల్యముగలవారి బాస్కెట్‌బాల్ పోటీలో స్పెయిన్ దేశపు జట్టు స్వర్ణము గెలిచెను. ఆ జట్టులోని 12 మందిలో 10 మందికి ఎట్టి వైకల్యమును లేదని తరువాత బయటపడెను. పతకము వెనుకకు తీసికొనబడెను. అయితే శిక్ష మోసగించినవారితో ఆగలేదు. మేధోవైకల్యముగలవారి పోటీలన్నియు పారాలింపిక్స్‌నుండి తొలగింపబడెను. 2004 ఏథెన్సులోను 2008 బీజింగులోను వారికి చోటు లేకపోయెను. 2012లో లండనులో మాత్రమే, అథ్లెటిక్స్, ఈత, టేబుల్ టెన్నిస్ అను మూడు క్రీడలలో తలుపు మరల తెరువబడెను. బలవంతులు బలహీనుల పేరు ధరించి ఘనత పొందిరి. నిజముగా బలహీనులైనవారు పండ్రెండేండ్లు వెలుపల నిలిచిరి.

సంఘములు ఈ సంఘటనను చదివి తమను తాము పరీక్షించుకొనవలెను. క్రిస్మసు కార్యక్రమములో ఇట్టి బిడ్డను వేదికమీద నిలువబెట్టి, ఛాయాచిత్రము తీసికొని, మిగిలిన యాబది యొక్క ఆదివారములు ఆ బిడ్డ ఎక్కడ కూర్చుండెనో ఎరుగని సంఘము కూడ బలహీనుల పేరిట ఘనత పొందినదే.

4. పరుగెత్తలేనివానికి పతకము

1968వ సంవత్సరము జూలై 20వ తేదీన అమెరికాలోని చికాగో నగరమందు సోల్జర్ ఫీల్డ్ అను క్రీడాప్రాంగణములో, మేధోవైకల్యముగలవారి కొరకు మొదటి స్పెషల్ ఒలింపిక్స్ క్రీడలు జరిగెను. అమెరికా, కెనడా దేశములనుండి ఇంచుమించు వెయ్యిమంది వచ్చిరి. వాటిని స్థాపించిన యూనిస్ కెన్నెడీ ష్రైవర్‌కు రోజ్‌మేరీ అను అక్క యుండెను. ఆమెకు మేధోవైకల్యముండెను, 1941లో ఆమె మెదడుకు చేయించిన శస్త్రచికిత్స వికటించి ఆమెను మునుపటికంటె అధికముగా అశక్తురాలిని చేసెను. దేశములో ఎంతో పలుకుబడిగల కుటుంబము కూడ ఆ కుమార్తెను అనేక సంవత్సరములు లోకమునకు దూరముగా నుంచెను. ధనమును విద్యయును ఉన్న ఇండ్లలోను ఈ దాపరికము కలదని ఇందువలన తెలియుచున్నది. చెల్లెలు ఆ దాపరికమును ఓర్వలేక ఈ పనికి పూనుకొనెను.

ఆ మొదటి క్రీడలకు నార్త్ కెరొలైనా రాష్ట్రములోని గ్రీన్స్‌బరో పట్టణమునుండి మార్టీ షీట్స్ అను బాలుడు వచ్చెను. అతడు 1953లో డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవాడు. ఎంతో ఆశతో సాధన చేసి, అంత దూరము ప్రయాణము చేసి చికాగో చేరిన పిమ్మట అతడు జబ్బుపడెను. పోటీలో పాల్గొనలేకపోయెను. క్రీడలు ముగిసినప్పుడు యూనిస్ ష్రైవర్ ఆ బాలుని ధైర్యమునకు గాను అతనికి స్వర్ణపతకము బహూకరించెను. పోటీలో దిగకయే అతడు పొందిన మొదటి పతకమది.

ఆ బాలుడు అంతటితో ఆగలేదు. ఈత, గోల్ఫ్, టెన్నిస్, మంచుమీద జారు పందెము, బరువులెత్తుట అను క్రీడలలో జీవితకాలమంతయు పాల్గొని, 250కి మించిన పతకములు పొందెను. 2009లో వాషింగ్టన్‌లోని జాతీయ చిత్తరువుల ప్రదర్శనశాల యూనిస్ ష్రైవర్ చిత్తరువును వ్రాయించినప్పుడు, చిత్రకారుడు డేవిడ్ లెంజ్ ఆమెను ఒంటరిగా చిత్రింపలేదు. సముద్రతీరమున ఆమె చుట్టును ఐదుగురు క్రీడాకారులను నిలిపెను. వారిలో మార్టీ షీట్స్ ఒకడు. ఆ చిత్రకారుని కుమారుడును డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవాడే. మార్టీ 2015లో, అరువది రెండేండ్ల ప్రాయములో గతించెను. అతని మరణమునకు ఊరు ఊరంతయు విచారించినది 250 పతకములు పోయెనని కాదు. అట్టి ప్రేమను అతడు సంపాదించుకొనినది తోడివారి మధ్య జీవించుటవలననే.

స్పెషల్ ఒలింపిక్స్‌కును పారాలింపిక్స్‌కును భేదము కలదు. పారాలింపిక్స్‌లో మిక్కిలి వేగముగలవారు మాత్రమే నిలుతురు. స్పెషల్ ఒలింపిక్స్‌లో ఇంచుమించు సమానమైన శక్తిగలవారిని ఒక గుంపుగా చేర్చి పరుగెత్తింతురు. నెమ్మదిగా పరుగెత్తువానికిని అతనికి తగిన పందెముండును. భారతదేశములో ఈ పని స్పెషల్ ఒలింపిక్స్ భారత్ అను పేరుతో జరుగుచున్నది. 2023 జూనులో బెర్లిన్ నగరమందు జరిగిన ప్రపంచ క్రీడలలో భారత క్రీడాకారులు 202 పతకములు తెచ్చిరి. మొదటి పద్ధతి మనుష్యుని శక్తి ఎంతవరకు పోగలదో చూపును. రెండవ పద్ధతి ఏ మనుష్యుడును పందెమునకు వెలుపల లేడని చూపును. రెండును కావలసినవే. అయితే సంఘమునకు పోలికగా నిలుచునది రెండవది.

5. రాజు బల్లయొద్ద

2 సమూయేలు 9వ అధ్యాయములో దావీదు, యోనాతాను నిమిత్తము తాను దయచూపదగినవాడెవడైన మిగిలెనా యని విచారించెను. యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు దొరికెను. అతడు ఐదేండ్లవాడైయుండగా దాది అతనిని ఎత్తుకొని పారిపోవుచు పడవేసినందున రెండు కాళ్లును కుంటివాయెను (2 సమూ. 4:4). అతని పేరులోని ‘బోషెతు’ అను హెబ్రీ మాటకు సిగ్గు అని అర్థము. దినవృత్తాంతముల గ్రంథములో అతనికి మెరీబ్బయలు అని వేరొక పేరు కనబడుచున్నది గాని, సమూయేలు గ్రంథము చదువువారి చెవిలో ప్రతిసారియు ఆ సిగ్గు మాటయే వినబడును. అతడు లోదెబారులో, రాజకుమారునికి తగని మరుగు స్థలములో, మరియొకని ఇంట నుండెను. రాజు ఎదుట నిలిచినప్పుడు తన్ను తాను చచ్చిన కుక్కతో పోల్చుకొనెను. చిన్ననాటినుండి విన్న మాటలను మనుష్యుడు తన పేరుగా చేసికొనుట ఇట్లుండును.

రాజు అతనికి రెండు సంగతులు వాగ్దానము చేసెను: అతని పితరుల పొలము మరల ఇయ్యబడును; అతడు నిత్యము రాజు బల్లయొద్ద భోజనము చేయును. పొలము తిరిగివచ్చుట చదివినప్పుడు కల్లెడలోని పొలము జ్ఞాపకమునకు వచ్చును. కల్లెడలో కుమార్తె పరుగెత్తి పొలమును తిరిగి సంపాదించెను. మెఫీబోషెతు పరుగెత్తలేదు, ఒక్క అడుగైనను వేయలేనివాడు. అతనికి పొలము వచ్చినది నిబంధననుబట్టి, దావీదు యోనాతానునకు ఇచ్చిన మాటనుబట్టి. అధ్యాయము ముగియుచున్న తీరు ఆలోచింపదగినది. అతడు బాగుపడెనని లేఖనము చెప్పదు. బల్లయొద్ద అతడు భుజించుచుండెనని చెప్పి, ఆ వెంటనే అతని రెండు కాళ్లును కుంటివని మరల చెప్పి, అధ్యాయము ముగియును. బల్లయొద్ద చోటు లభించుటకు స్వస్థత ముందు షరతు కాలేదు.

ముందడిగిన ప్రశ్నకు జవాబు ఇదియే. పతకములేని బిడ్డ విలువ, ఆ బిడ్డ ఏమి సాధించెననుదానిమీద నిలిచియుండదు. సృష్టించినవాని మాటమీదను, విమోచించినవాని నిబంధనమీదను నిలిచియుండును. ఆ విలువ పుట్టినదినముననే సంపూర్ణము. పతకము వచ్చినయెడల ఆ విలువ పెరుగదు, రానియెడల తరుగదు.

6. బండిజాడలు

హెబ్రీ పత్రిక 12వ అధ్యాయములోని పందెమును గూర్చి ప్రసంగించువారు సాధారణముగా మొదటి రెండు వచనములతో ఆగుదురు. రచయిత ఆగలేదు. పండ్రెండు, పదుమూడు వచనములలో ఆయన సడలిన చేతులను, వడవడలాడు మోకాళ్లను, కుంటి కాళ్లను ఆ పందెపు బాటమీదికే తెచ్చెను. పందెములో ముందున్నవారికి ఆయన ఇచ్చిన ఆజ్ఞ మరింత వేగముగా పరుగెత్తుడని కాదు. త్రోవను సరాళము చేయుడని.

అక్కడ త్రోవ అనుటకు గ్రీకులో ‘త్రొఖియా’ అను మాట కలదు. అది చక్రమను మాటనుండి పుట్టినది. బండి చక్రములు మరల మరల నడచుటవలన నేలలో ఏర్పడిన జాడ అని దాని భావము. పల్లెలలో నడచినవారు దీనిని ఎరుగుదురు. ముందు పోయిన బండ్ల జాడ తిన్నగానున్నయెడల వెనుక వచ్చు బండి శ్రమలేక సాగును. ముందుపోయినవారు గుంటలలోనికి త్రిప్పియుండినయెడల వెనుకవాడును గుంటలో పడును. కుంటి కాలికి ఏమి కాకుండవలెనో చెప్పు క్రియాపదమునకు ‘త్రోవ తప్పుట’ అనియు ‘కీలు తొలగుట’ అనియు రెండర్థములు కలవు. తెలుగు అనువాదకులు రెండవదానిని గైకొని ‘బెణకుట’ అను ఇంటిమాటను వాడిరి. అది యుక్తమైనది. బాగుగానున్న కాలికి చిన్న రాయి లెక్కలేదు. కుంటికాలికి ఆ రాయియే ప్రమాదము. రాయిని తొలగించు బాధ్యత, దానిని లెక్కచేయనవసరము లేనివానిమీదనే ఉంచబడినది.

ఈ మాటలకు మూలము యెషయా 35వ అధ్యాయము. దానిని ముందుకు చదివినచో ఎనిమిదవ వచనములో రాజమార్గమొకటి కనబడును. దానిలో నడచువారు మూఢులైనను దారి తప్పరని ప్రవక్త భావము. అక్కడనున్న హెబ్రీ మాట సాధారణముగా బుద్ధిహీనుల దుర్మార్గమును సూచించును గనుక, దానిని మేధోవైకల్యమునకు నేరుగా అన్వయింపరాదు. అయితే ప్రవక్త ఇక్కడ పొగడుచున్నది నడచువాని తెలివిని కాదు, త్రోవ తీరును. ఆ త్రోవ ఎంత స్పష్టముగా వేయబడినదనగా, దానిమీద నడచుటకు గొప్ప తెలివి అవసరము లేదు. పరలోకరాజ్యపు త్రోవ అట్టిది. దానిని జ్ఞానులకు మాత్రమే గ్రాహ్యమగునట్లు వంకరగా చేసినవారు మనుష్యులు.

దీప్తి జీవితమును ఈ వచనముల వెలుగులో చూచినప్పుడు, పారిస్ పందెములో ఆమె ఒంటరిగా పరుగెత్తినను, ఆమె త్రోవలో రాళ్లు తొలగించినవారి వరుస కనబడును: విడువని తల్లి, తండ్రి, చూచిన ఉపాధ్యాయుడు, చేరదీసిన శిక్షకుడు, పరీక్షకు దారి చూపిన తోడి క్రీడాకారుడు. ఆమె కాలి బలము దేవుడిచ్చినది. త్రోవ మాత్రము మనుష్యులు చేసినది. వారిలో ఏ ఒక్కరు తమ పని మానియుండినను ఆ కాళ్లు కల్లెడ దాటియుండవు.

7. సంఘమునకు హెచ్చరికయు ఆదరణయు

మొదటిది, పేరు. 1984లో సికిందరాబాదులో స్థాపింపబడిన జాతీయ సంస్థ పేరులో మానసిక వికలాంగులు అను భావముగల మాట యుండెను. తరువాత ఆ పేరు మార్చబడి, మేధోవైకల్యముగల వ్యక్తుల సాధికారత అను భావము చేర్చబడెను. ప్రభుత్వము ఒక కార్యాలయపు పేరు మార్చుకొనగలిగినప్పుడు, విశ్వాసుల కుటుంబములు వాడుకలోని వెక్కిరింతలను మానుకొనుట అసాధ్యము కాదు. మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచును (యోహాను 10:3). ఆదివారమున ద్వారమునొద్ద తల్లిని పలుకరించి బిడ్డను దాటిపోక, బిడ్డను పేరుపెట్టి పలుకరించుట చిన్న కార్యము. ఆ తల్లికి అది చిన్నది కాదు.

రెండవది, చోటు. 1 కొరింథీ. 12:22లో పౌలు బలహీన అవయవములు అవశ్యములని చెప్పెను. ‘అనంగ్‌కాయా’ అను గ్రీకు మాటకు లేకపోతే జరుగదని అర్థము. దయచూపదగినవని ఆయన అనలేదు. అవి బలహీనములుగా ‘కనబడును’ అని మాత్రమే చెప్పి, ఆ అభిప్రాయము చూచువారిదని సూచించెను. కేకవేయు బిడ్డను వెలుపలికి తీసికొనిపొమ్మని పెద్దలు కనుసైగ చేసినప్పుడు, తల్లియు బిడ్డతో వెలుపలికి పోవును; కొన్నాళ్లకు ఇంటనే నిలిచిపోవును. అట్టి గృహములు ప్రతి సంఘములోను ఉన్నవి. పోగు తెగినప్పుడు మగ్గమును ఆపు నేతగాని ఓర్పు, ఆరాధనలో ఒక నిమిషము ఆగవలసివచ్చినప్పుడు సంఘమునకు ఉండదగదా?

మూడవది, భారము పంచుకొనుట. 2016లో చేయబడిన వైకల్యముగల వ్యక్తుల హక్కుల చట్టము మేధోవైకల్యమును గుర్తించినది. నలువది శాతమునకు తగ్గని వైకల్యముగల బిడ్డకు ఆరు సంవత్సరములనుండి పదునెనిమిది సంవత్సరములవరకు ఉచిత విద్య పొందు హక్కు నిచ్చినది. అయితే ధ్రువపత్రము కొరకు ఆసుపత్రిచుట్టు తిరుగుటకు కూలి పోగొట్టుకొనలేని తలిదండ్రులు కలరు. సలాబత్‌పురా వంటి పేటలో, పరభాషా రాష్ట్రములో, ఫారములు చదువుకొనలేని తల్లికి ఇది రెండింతల కష్టము. యౌవనస్థుడొకడు ఒక పూట ఆమెతో వెళ్లి ఆ కాగితములు పూర్తిచేయించుట, త్రోవలో ఒక రాయి తొలగించుటయే. తాము గతించినపిమ్మట ఈ బిడ్డను చూచువారెవరని ప్రతి రాత్రియు ఆలోచించు తలిదండ్రులకు, మేమున్నామని చెప్పి చెప్పినట్లు చేయు సంఘము సువార్తయే.

నాలుగవది, జ్ఞాపకము. లేఖనములలో దేవుడు జ్ఞాపకము చేసికొనెను అనునప్పుడు, ఆ వెంటనే ఒక క్రియ జరుగును. నోవహును జ్ఞాపకము చేసికొని నీళ్లను తగ్గించెను. హన్నాను జ్ఞాపకము చేసికొని కుమారుని దయచేసెను. సమాధి తోటలో నాలుగు మంచి మాటలు పలుకుట మాత్రమే జ్ఞాపకము కాదు. బ్రదికియున్నవారియెడల క్రియ జరిగించుటయే లేఖనభావములో జ్ఞాపకము. మార్టీ షీట్స్‌ను జ్ఞాపకము చేసికొనుట యనగా, నేడు వీధిలోనున్న అట్టి బాలునికి ఆటస్థలములో చోటిచ్చుట. దీప్తిని అభినందించుట యనగా, ఇంకను ఎవరును చూడని మరియొక బాలికను చూచుట.

విశ్వాసమునకు కర్తయైనవాడు ఆ పందెమును ముందుగా పరుగెత్తెను. ఆయన కిరీటముతో ముగింపు రేఖ చేరలేదు. లోకము దృష్టికి ఓడిపోయినవానివలె సిలువమీద ఆగెను. అందుచేత గెలువనివారియెదుట ఆయన సిగ్గుపడువాడు కాడు. ఆయన బల్లయొద్ద ఆసనములు ఇంకను ఖాళీగానున్నవి. లోదెబారుకు వెళ్లి పిలుచుకొని వచ్చువారు కావలసియున్నది.

ఆలోచించి చర్చించుటకు ప్రశ్నలు

1. యోహాను 9వ అధ్యాయములోని శిష్యుల ప్రశ్న నేటి సంఘములలో ఏయే మాటలలో వినబడుచున్నది? ఆ మాటలు విన్న తల్లికి సంఘమేమి చెప్పవలెను?

2. మెఫీబోషెతు బాగుపడకయే రాజు బల్లయొద్ద కూర్చుండుట ప్రభురాత్రి భోజనపు బల్లను గూర్చి ఏమి నేర్పుచున్నది?

3. హెబ్రీ. 12:13 ప్రకారము మీ సంఘపు త్రోవలోనున్న రాళ్లు ఏవి? వాటిని తొలగింపవలసినవారెవరు?

4. మీ సంఘములో మేధోవైకల్యముగలవారి పేర్లు ఎన్ని చెప్పగలరు? చెప్పలేనియెడల ఎందుచేత?

ప్రార్థన

ప్రభువా, నీవు చేసిన ఏ మనుష్యుని పేరును నీవు మరువవు. మేము మరచినవారిని నేడు మాకు జ్ఞాపకము చేయుము. మా ఇండ్లలో దాచబడిన బిడ్డలను, అలసిన తల్లులను, భయపడు తండ్రులను బలపరచుము. నిందించిన మా నోళ్లను క్షమించుము. నీ సంఘమును తిన్నని త్రోవగా చేయుము. నడువగలవారును నడువలేనివారును నీ బల్లయొద్దకు కూడి చేరునట్లు యేసుక్రీస్తు ప్రభువు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.